చనిపోయింది విశాఖలో, ఇల్లు పర్లాకిమిడిలో: మహమ్మారి మిగిల్చిన చట్టపు చిక్కులు

పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం. మొదటిది ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, రెండోది శ్రీకాకుళం జిల్లాలో మండల కేంద్రం. మా వైపు తెలుగు ఇళ్లలో పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ చాలావరకు అటే. పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళమో విశాఖో పరుగెడతారు. పదో తరగతి అవగానే పిల్లల్ని ఇంటర్‌కి అటే పంపుతారు. రాయగడ వాళ్లకు పార్వతీపురం, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం కూడా ఇంతే. మామూలు రోజుల్లో రాష్ట్ర సరిహద్దు అనేదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ సరిహద్దే బతుకుల్ని రెండుగా కోసింది.

కోవిడ్ తగ్గింది. దాని కాగితాలు మాత్రం ఇంకా ఇళ్లలో ఉన్నాయి. పేరు తప్పు పడిన మరణ ధ్రువపత్రం, కదలని బ్యాంకు ఖాతా, వాయిదాల మీద వాయిదాలు పడుతున్న అద్దె దావా, ఎవరూ అడగని బీమా సొమ్ము. వీటి గురించి సలహా అడిగేవాళ్లు ముందు “దీనికి చట్టం ఏమంటోంది?” అని అడుగుతారు. సరిహద్దు జిల్లాల్లో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: చట్టం లెక్కలో ఇది ఎక్కడ జరిగింది? చావుకు ఒక లెక్క, ఆస్తికి ఒకటి, ఫీజుకు ఒకటి, చెక్కుకు ఇంకొకటి. ఒక్కో చట్టం “ఎక్కడ” అన్నదానికి ఒక్కో జవాబు రాసిపెట్టుకుంది. అది తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడే మన కుటుంబాలను అన్నిటికంటే ఎక్కువ నలిపేసిందని నా నమ్మకం.

గేటు వేసే అధికారం ఎవరిది?

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటురోగం పాకకుండా ఆపడం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. రాష్ట్రాల మధ్య వలస, రాష్ట్రాల మధ్య క్వారంటైన్ కేంద్ర జాబితాలో 81వ అంశం. అంటే ఆస్పత్రులు నడపడం భువనేశ్వర్, అమరావతి చూసుకోవాల్సిన పని. పక్క రాష్ట్రం మనిషిని చెక్‌పోస్టు దగ్గర ఆపేయడం మాత్రం పూర్తిగా వాటి ఇష్టానికి వదిలేసిన సంగతి కాదు.

2020లో రెండు చట్టాలు కలిసి పనిచేశాయి. 1897 నాటి అంటువ్యాధుల చట్టం రాష్ట్రాలకు నిబంధనలు చేసే అధికారం ఇస్తుంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్ర హోంశాఖ దేశమంతటికీ ఉత్తర్వులు ఇచ్చింది. ఒడిశా ఇంకా ముందే, 2020 మార్చి 13నే, కోవిడ్‌ను విపత్తుగా ప్రకటించింది. 1897 చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి శిక్షను రెండేళ్ల జైలు దాకా పెంచింది. ఏప్రిల్‌లో సర్పంచులకు వాళ్ల పంచాయతీ పరిధిలో కలెక్టర్ అధికారాలు ఇచ్చింది. సూరత్ మరమగ్గాల నుంచి తిరిగొచ్చిన గంజాం కుర్రాళ్లను ఊరి బడిలో 14 రోజులు ఉంచింది ఆ అధికారంతోనే.

మరి ఆస్పత్రికి వెళ్లే రోగిని ఆపొచ్చా? దీనికి సూటిగా జవాబు చెప్పింది మన కోర్టులు కాదు, మనలాంటి ఇంకో సరిహద్దు జిల్లా గొడవ విన్న కోర్టు. కేరళలోని కాసరగోడ్ వాళ్లకు మంగళూరు ఆస్పత్రులే దిక్కు. కర్ణాటక రోడ్ల మీద మట్టి పోసి దారి మూసేస్తే 2020 ఏప్రిల్ 1న కేరళ హైకోర్టు ఆ అడ్డంకులు తొలగించి వైద్యం కోసం వెళ్లేవాళ్లకు దారి ఇప్పించాలని కేంద్రాన్ని ఆదేశించింది. వైద్యానికి వెళ్లనివ్వకపోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కునూ, 19వ అధికరణం కింద దేశంలో తిరిగే హక్కునూ దెబ్బతీస్తుందని చెప్పింది. 2021 మేలో ఆంధ్రా అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపినప్పుడు, ముందస్తు అనుమతి ఉండాలన్న సర్క్యులర్‌ను మే 14న తెలంగాణ హైకోర్టు నిలిపివేసింది. ఈ తీర్పులు కటక్‌లోని ఒరిస్సా హైకోర్టును కట్టిపడేయవు. కానీ రేపు గిరిసోల దగ్గరో పాతపట్నం రోడ్డు మీదో ఇదే పరిస్థితి వస్తే లాయరు చేతిలో ఉండాల్సినవి ఇవే. పాసు అడగొచ్చు, టెస్టు అడగొచ్చు, పేరు రాసుకోవచ్చు. ఊపిరి ఆడని మనిషిని వెనక్కి పంపడం వేరే సంగతి.

లాక్‌డౌన్ ఉల్లంఘన కింద కేసులు పడిన కుర్రాళ్లకు ఒక మాట. అప్పటి శిక్షాస్మృతి 188వ సెక్షన్ కింద కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పైఅధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఒక్క ఎఫ్ఐఆర్ చాలదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల్లో సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ షరతు మారలేదు. ఊరికి నడిచొచ్చిన వలస కూలీల మీద విపత్తు చట్టం కింద పెట్టిన కేసుల్ని ఎత్తివేసే విషయం చూడాలని సుప్రీంకోర్టు 2020 జూన్ 9నే చెప్పింది. పాస్‌పోర్టు వెరిఫికేషన్ రోజున టెన్షన్ పడేకంటే, ఆ కేసు ఇప్పుడు ఏ దశలో ఉందో కోర్టులో ముందే కనుక్కోవడం మంచిది.

ఒక చావు, ఎన్నో ఆఫీసులు

ఇక అసలు బరువు ఇక్కడుంది. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పర్లాకిమిడిలో బట్టల కొట్టు నడిపే ఆయన 2021 మేలో విశాఖ ఆస్పత్రిలో కోవిడ్‌తో పోయాడు. ఇల్లూ కొట్టూ పర్లాకిమిడిలో. తాతల నాటి మడి పాతపట్నం మండలంలో. బ్యాంకు ఖాతాలు రెండు చోట్లా. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి ఉన్నారు.

1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం చావును నమోదు చేయాల్సింది అది జరిగిన చోట. కాబట్టి ధ్రువపత్రం ఇచ్చేది విశాఖ నగరపాలక సంస్థ. పర్లాకిమిడి మున్సిపాలిటీకి ఆ అధికారం లేదు, అక్కడ ఎంత బతిమాలినా పని జరగదు. ఆస్పత్రిలో పోతే సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. అంబులెన్సులో దారిలోనే ప్రాణం పోతే ఆ బండి మొదట ఎక్కడ ఆగిందో అక్కడ నమోదు చేయాలి. సరిహద్దు దాటే లోపు పోయారా, దాటాక పోయారా అని ఇళ్లలో వాదించుకుంటారు. చట్టం చూసేది బండి ఆగిన చోటు. 21 రోజుల్లోపు మామూలు నమోదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుము కడితే చాలు. ఏడాది లోపైతే అధికారి అనుమతి, స్వయంగా ధ్రువీకరించిన పత్రం కావాలి (2023 సవరణకు ముందు అఫిడవిట్ అడిగేవారు). ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాల్సిందే. 2023 సవరణ తర్వాత ఈ ఉత్తర్వు జిల్లా మేజిస్ట్రేటో, ఆయన అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో ఇస్తారు. అంతకుముందులా కోర్టు మేజిస్ట్రేటు దగ్గరికి పోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ ధ్రువపత్రాన్ని దగ్గరగా చూడండి. ఆస్పత్రి రిజిస్టరులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, తర్వాత అసలు పేరు. ఒడిశాలో తీసిన ఆధార్‌లో అసలు పేరు ముందు, ఇంటిపేరు పూర్తిగా చివర. ఒడియా నుంచి ఇంగ్లిషులోకి దించేటప్పుడు “అప్పారావు” కాస్తా “అపా రావ్” అయి కూర్చుంటుంది. తండ్రి పేరు ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. కౌంటర్ అవతల కూర్చున్న గుమాస్తాకు ఇవి ఇద్దరు వేర్వేరు మనుషుల కాగితాలు. ఈ తేడా ఒక్కటే మా వైపు ఎన్ని కుటుంబాల సొమ్మును ఆపేసిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. తప్పు దిద్దే అధికారం అదే చట్టం 15వ సెక్షన్ కింద నమోదు చేసిన రిజిస్ట్రార్‌దే. అంటే దిద్దుబాటుకు మళ్లీ విశాఖే వెళ్లాలి. ఆధార్, ఓటరు కార్డు, బడి సర్టిఫికెట్ లాంటి పాత ఆధారాలతో పాటు, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించి పట్టుకెళ్లాలి. మిగతా ఏ ఆఫీసుకు వెళ్లే ముందైనా ఈ పని అవ్వాలి. ఇది కాకపోతే తర్వాతవేవీ కదలవు.

చావుకు కారణం కోవిడ్ అని ధ్రువపత్రంలో లేకపోతే? 2021 జూన్ 30న సుప్రీంకోర్టు కోవిడ్ మృతుల కుటుంబాలకు ఎంతో కొంత పరిహారం నిర్ణయించి తీరాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు చెప్పింది. దాంతో 50,000 రూపాయలు ఖరారయ్యాయి. అదే ఏడాది అక్టోబర్ 4న కోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: ధ్రువపత్రంలో కోవిడ్ అని రాయలేదన్న ఒక్క కారణంతో ఏ రాష్ట్రమూ డబ్బు ఎగ్గొట్టకూడదు. పాజిటివ్ వచ్చిన లేదా జబ్బు నిర్ధారణ అయిన 30 రోజుల్లోపు పోతే, ఆస్పత్రి బయట పోయినా అది కోవిడ్ మరణమే. ఒప్పుకోకపోతే జిల్లాలోని ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లొచ్చు. 2022 మార్చి 20కి ముందు పోయినవాళ్ల కోసం దరఖాస్తుకు 60 రోజుల గడువు పెట్టారు, అది ఆ ఏడాది మేలోనే అయిపోయింది. తీవ్రమైన ఇబ్బంది వల్ల గడువులోపు పెట్టలేకపోయినవాళ్లు అదే కమిటీని అడగొచ్చని కోర్టు ఒక కిటికీ తెరిచి ఉంచింది. ఎందుకు ఆలస్యమైందో తేదీలతో, పేరు దిద్దించడానికి తిరిగిన రసీదులతో చూపాలి.

పోయిన మనిషి బ్యాంకు పాస్‌బుక్ తీసి మే నెలాఖరు, జూన్ మొదటి వారం పేజీలు చూడండి. అక్కడ 330 రూపాయల కోత కనిపిస్తే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏ కారణంతో పోయినా నామినీకి రెండు లక్షలు వస్తాయి, కోవిడ్ కూడా అందులోదే. 12 రూపాయల కోత ఉంటే అది సురక్షా బీమా, ప్రమాదాలకే వర్తిస్తుంది. 2022 జూన్ నుంచి ఈ మొత్తాలు 436, 20 అయ్యాయి. చాలామంది ఖాతా తెరిచేటప్పుడు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టారు, బీమా ఉందని ఇంట్లో చెప్పలేదు. జీతగాళ్లైతే పీఎఫ్‌తో ముడిపడిన బీమా వేరే ఉంది, దాని గరిష్ఠ మొత్తం ఏడు లక్షలు. ఎప్పటి సంగతో కదా అని వదిలేయకుండా బ్యాంకులో రాతపూర్వకంగా అడగాలి, కాదంటే కాదన్న జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి.

నామినీ అంటే సొంతదారు అనుకునేవాళ్లు ఎక్కువ. బ్యాంకు ఖాతా విషయంలో నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, ఆ సొమ్ము వారసులందరిదీ. బీమాలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీగా ఉంటే సొమ్ము వాళ్లదే అవుతుంది. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో తమ్ముడి పేరు రాసి, పెళ్లయ్యాక మార్చని మగవాళ్ల ఇళ్లలో గొడవలు మొదలయ్యేది ఇక్కడే.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేని కుటుంబంలో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి తరగతి వారసులు, అందరికీ సమాన వాటా. సవర, కోదు వంటి షెడ్యూల్డ్ తెగల కుటుంబాలకు ఈ చట్టం వర్తించదు, వాళ్ల ఆచారమే చట్టం. మన ఉదాహరణలో ఇల్లాలు సక్సెషన్ సర్టిఫికెట్ (పోయిన మనిషి బ్యాంకు సొమ్ము, బాకీలు తీసుకోవడానికి కోర్టు ఇచ్చే పత్రం) కోసం వెళ్లాల్సింది పోయిన మనిషి మామూలుగా నివసించిన చోట ఉన్న కోర్టుకు, అంటే పర్లాకిమిడికి. విశాఖలో పోయాడు కదా అని విశాఖ కోర్టుకు వెళ్తే పని కాదు. లీగల్ హెయిర్ సర్టిఫికెట్ ఇచ్చేది కూడా ఇక్కడి తహసీల్దారే. పాతపట్నం మడి పేరు మార్చాల్సింది మాత్రం పాతపట్నం తహసీల్దారు. వాటాల కోసం దావా వేయాల్సి వస్తే, ఆస్తి వేర్వేరు కోర్టుల పరిధిలో ఉన్నా ఏదో ఒక భాగం ఉన్న చోట మొత్తానికి దావా వేసే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ సెక్షన్ ఇస్తుంది. రెండు రాష్ట్రాల్లో రెండు దావాలు నడపక్కర్లేదు.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. భర్త పోయిన పిల్లను పుట్టింటివాళ్లు శ్రీకాకుళం తీసుకెళ్తారు, మనవల్ని అత్తింటివాళ్లు పర్లాకిమిడిలో ఉంచుకుంటారు. 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షణ చట్టం ప్రకారం తండ్రి తర్వాత సహజ సంరక్షకురాలు తల్లే, తాతయ్యలు కాదు. సంరక్షణ కోసం పిటిషన్ వేయాల్సింది పిల్లలు మామూలుగా ఉంటున్న చోట. అందుకే గొడవ పెరగకముందే పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు, ఎవరి దగ్గర ఉంటున్నారు అన్నదానికి కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి.

తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలకు పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ కింద 10 లక్షల నిధి ఉంది, 2020 మార్చి 11 నుంచి 2022 ఫిబ్రవరి 28 మధ్య పోయినవాళ్ల పిల్లలకు. పిల్లకు 23 ఏళ్లు వచ్చాక ఆ మొత్తం చేతికి వస్తుంది. ఒడిశా ప్రభుత్వం ఆశీర్వాద్ పథకం కింద ఇద్దర్నీ పోగొట్టుకున్న పిల్లలకు నెలకు 2,500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవి అడ్డుపెట్టుకుని పిల్లల్ని “చూసుకుంటాం” అని ముందుకొచ్చే దూరపు చుట్టాలూ ఉంటారు. రెండో వేవ్‌లో వాట్సాప్‌లో తిరిగిన “తల్లిదండ్రులు పోయిన పసిపాప, దత్తత కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి” అన్న మెసేజ్‌లు చాలామంది మంచి మనసుతోనే పంపారు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం అలాంటి దత్తత నేరం. అటువంటి బిడ్డ గురించి చెప్పాల్సింది జిల్లా బాలల సంక్షేమ కమిటీకి, లేదా 1098కి.

ఫీజులు, పరీక్షలు, టీసీలు

ఫీజు నిబంధన స్కూలు ఉన్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, పిల్లాడి ఇల్లు ఉన్న రాష్ట్రాన్ని బట్టి కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు లెక్కలు వచ్చింది ఇందుకే. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబర్‌లో ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలంది. ఒడిశాలో ఒరిస్సా హైకోర్టు 2021 జనవరిలో ఫీజు మొత్తాన్ని బట్టి స్లాబులుగా తగ్గింపు ఖరారు చేసింది. సుప్రీంకోర్టు 2021 మే 3న రాజస్థాన్ స్కూళ్ల కేసులో 2020-21 వార్షిక ఫీజులో 15 శాతం తగ్గించాలంది. ఫీజు బాకీ ఉందని పిల్లల్ని క్లాసులకు రానివ్వకపోవడం, ఫలితాలు ఆపడం కుదరదని కూడా చెప్పింది. సోషల్ మీడియాలో తిరిగిన “దేశమంతా ఫీజు మాఫీ” మాత్రం ఏ తీర్పులోనూ లేదు.

ప్రైవేటు స్కూలు ఫీజు కట్టలేక సొంతూరి ప్రభుత్వ బడికి తిరిగొచ్చిన పిల్లలకు టీసీ పెద్ద అడ్డంకి అయింది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఇక్కడ బాగా పనికొస్తుంది: ఎనిమిదో తరగతి లోపు పిల్లలు రాష్ట్రం మారినా టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ ముక్క తెలిసిన తల్లిదండ్రులు తక్కువ, చెప్పిన హెడ్మాస్టర్లు ఇంకా తక్కువ.

పరీక్షల విషయంలో చిక్కు తేలిపోయింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థుల్ని పరీక్ష లేకుండా రాష్ట్రాలు పాస్ చేయలేవని, తేదీలు మార్చమని మాత్రం యూజీసీని అడగొచ్చని 2020 ఆగస్టు 28న సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో పది, ఇంటర్ పరీక్షలు రద్దయి అంచనా మార్కులతో పాసైనవాళ్ల సర్టిఫికెట్లు మిగతా ఏడాదుల సర్టిఫికెట్లకు సమానమే.

కొట్టు మూసిన నెలల అద్దె, కట్టని చెక్కు

లాక్‌డౌన్‌లో కొట్టు మూసి ఉంది కాబట్టి అద్దె కట్టక్కర్లేదని చాలామంది నమ్మారు. ఆ నమ్మకానికి మూలం 2020 మార్చి 29 నాటి హోంశాఖ ఉత్తర్వు. అది వలస కూలీలు ఉండే గదుల అద్దె ఒక నెల అడగొద్దని చెప్పింది, కొట్ల గురించి కాదు. కూలీలకు జీతం పూర్తిగా ఇవ్వాలన్న అందులోని మాట కూడా మే 18 నుంచి తొలగిపోయింది. ఆ మధ్య కాలం జీతాల గురించి యజమానులూ కార్మికులూ మాట్లాడుకుని తేల్చుకోవాలని సుప్రీంకోర్టు జూన్ 12న చెప్పింది. కొట్టు అద్దె మాఫీ అవ్వాలంటే అలాంటి షరతు అద్దె అగ్రిమెంటులోనే రాసి ఉండాలి. కొన్నాళ్లు వాడుకోలేకపోయినంత మాత్రాన అద్దె ఎగిరిపోదని ఢిల్లీ హైకోర్టు 2020 మేలో తేల్చింది. కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్, అంటే పని అసాధ్యమైతే ఒప్పందం రద్దవడం, లీజులకు వర్తించదన్నది దశాబ్దాల నాటి సుప్రీంకోర్టు మాట. ఆరు నెలల అద్దె బాకీ మీద దావా నడుస్తున్నవాళ్లు ఈ వాదన మీద ఆశ పెట్టుకోవడం కంటే లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోవడం మేలు.

పెళ్లి మండపం అడ్వాన్సు సంగతి వేరు. ప్రభుత్వ నిషేధం వల్ల ఆ తేదీన పెళ్లి జరపడమే కుదరకపోతే ఒప్పందం రద్దవుతుంది. అలా రద్దయినప్పుడు పొందిన లాభం తిరిగి ఇచ్చేయాలని 65వ సెక్షన్ చెబుతుంది. 50 మందితో చేసుకునే అవకాశం ఉన్నా మీరే వాయిదా వేసుకుంటే ఈ వాదన బలహీనపడుతుంది. మండపం పాతపట్నంలో ఉన్నా ఫిర్యాదు మీ జిల్లాలోనే పెట్టొచ్చు. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే హక్కు ఇచ్చింది. సరిహద్దు జిల్లాల వాళ్లకు ఈ ఒక్క మార్పు ఎంత మేలు చేసిందో చెప్పలేను. విశాఖ ఆస్పత్రి వేసిన అడ్డగోలు బిల్లు మీద కూడా రాయగడలో కూర్చుని ఫిర్యాదు చేయొచ్చు.

చెక్కు బౌన్స్ కేసులో లెక్క తిరగబడుతుంది. 2015 సవరణ ప్రకారం డబ్బు రావాల్సిన మనిషి ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచి ఎక్కడుంటే కేసు అక్కడ. రాయగడ వ్యాపారి విజయనగరం హోల్‌సేలరుకు ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే వాయిదాలకు తిరగాల్సింది విజయనగరమే. అదే ఆ వ్యాపారి చిన్న తయారీదారుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉన్నవాడై, తనకే డబ్బు రావాల్సి ఉంటే, 45 రోజులు దాటిన బాకీ కోసం తన రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే (చిన్న పరిశ్రమల బాకీల తగాదాలు తీర్చే మండలికే) వెళ్లొచ్చు.

గడువుల విషయంలో జరిగిన నష్టం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అది తప్పుడు సలహా వల్ల జరిగింది. సుప్రీంకోర్టు 2022 జనవరి 10న 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయమంది. అది 716 రోజులు. ఆ కాలంలోనే గడువు ముగిసినవాళ్లకు 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇస్తున్నామన్న మాట కూడా అదే ఉత్తర్వులో ఉంది. చాలామంది ఆ 90 రోజులే పట్టుకుని “మీ గడువు 2022 మేతోనే అయిపోయింది” అని కక్షిదారుల్ని తిప్పి పంపారు. మిగిలిన కాలం అంతకంటే ఎక్కువ ఉంటే ఆ ఎక్కువ కాలమే దక్కుతుంది. 2018 జూలై 1న ఇచ్చిన చేబదులు తీసుకోండి. మూడేళ్ల గడువు మామూలుగా 2021 జూలై 1తో ముగియాలి. 716 రోజులు కలిపితే 2023 జూన్ మధ్య దాకా వెళ్తుంది. ఇలాంటి బాకీల గడువు ఇప్పుడు దాటిపోయింది. కానీ పన్నెండేళ్ల గడువు ఉన్న స్థలాల దావాల్లో, 2020కి ముందు మొదలైన లెక్కలకు ఈ 716 రోజులు ఇవాళ్టికీ ప్రాణం పోయొచ్చు. కాబట్టి గడువు అయిపోయిందన్న మాట విన్నప్పుడు తేదీలు కాగితం మీద పెట్టి లెక్క వేసి చూపించమని అడగండి.

బ్యాంకు అప్పుల విషయం చిన్నది. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియంలో (వాయిదాలు ఆపుకునే వెసులుబాటులో) వడ్డీ మాఫీ కాలేదు. ఆ కాలానికి వడ్డీ మీద వడ్డీ మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకూడదని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసుకుని, తిరిగి జమ చేశారో లేదో చూసుకోవాలి.

అర్జీ ఏ భాషలో, ఎవరికి?

2020లో ఉత్తర్వులు ఒడియాలోనూ ఇంగ్లిషులోనూ వచ్చాయి. తెలుగు తప్ప చదవడం రాని ఆడవాళ్లు పక్కింటి కుర్రాడు చెప్పిందే చట్టమనుకోవాల్సి వచ్చింది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం తన బాధ చెప్పుకునే అర్జీని కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడే ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉంది. తరతరాలుగా తెలుగు మాట్లాడే గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో కలెక్టరేట్‌లో తెలుగు అర్జీ తీసుకోనంటే ఈ అధికరణం పేరు చెప్పొచ్చు. పని త్వరగా కావాలంటే ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఒక అనువాదం జత చేయడం తెలివైన పని.

కొటియా వంటి చోట్ల ఏ రాష్ట్రం అన్నదే తగాదా. పొట్టంగి, సాలూరుల మధ్య ఉన్న ఆ 21 గ్రామాల కోసం 1968లో మొదలైన కేసు 2006లో సుప్రీంకోర్టులో ఏ తీర్పూ లేకుండా ముగిసింది, 2021లో పంచాయతీ ఎన్నికలతో మళ్లీ లేచింది. అక్కడివాళ్లు రెండు రాష్ట్రాల కాగితాల్లో ఏది ముందు తీసుకున్నారో దాన్నే అన్ని దరఖాస్తులకూ వాడటం క్షేమం. రెండూ కలిపి పెడితే రెండూ ఆగిపోతాయి.

లాయరు ఖర్చుకు భయపడి ఆగిపోయినవాళ్లు పర్లాకిమిడి, రాయగడ, బరంపురం కోర్టుల్లో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. పెద్ద విపత్తు వల్ల దిక్కులేని పరిస్థితిలో పడ్డవాళ్లూ ఆ సెక్షన్‌లోనే ఉన్నారు. దరఖాస్తు పెట్టేటప్పుడు విపత్తు బాధితులమన్న ఆ మాట రాయాలి, మరణ ధ్రువపత్రం నకలు జత చేయాలి.